వినమని నువ్వే రాశావు

మల్లవీ
ఈజిప్టు, 1986 సెప్టెంబరు 20

పూజ్యులైన అబూనా సరాబామూన్ గారికి,

ఇలా మొదలుపెట్టకపోతే మఠంలో మిగతా స్వాములు నవ్వుతారని మీ బావ అన్నారు, అందుకే రాశాను. ఇక్కణ్ణుంచి మామూలుగా రాస్తాను. ఒరేయ్ ఫాయెజ్, బాగున్నావా? అమ్మ పోయినప్పుడు నీకు ఐదేళ్లు, నాకు పదిహేడు. నీ ముక్కు తుడిచిన చేత్తో నిన్ను అబూనా, మా తండ్రీ అని రాయడం ఇప్పటికీ నాకు చేతకావడం లేదు.

మా పిల్ల నర్గిస్‌కి పెళ్లి చేసి ఖెనాలో అత్తారింటికి పంపాక ఇల్లు బోసిపోయింది. కింద షెడ్డులో మీ బావ పంపు ఇంజన్లు విప్పుకుంటూ ఉంటారు, పైన నేనూ పావురాలూ. చుట్టుపక్కల పల్లెల వాళ్లు ఇంజన్ మోసుకొచ్చి ఆయన ముందు స్టార్ట్ చేస్తే చాలు, విప్పకుండానే ఎక్కడ అరిగిందో చెప్పేస్తారు. ఆ చెవులు నాకు లేవు.

సంగతేమిటంటే, మా చర్చి ఆడవాళ్ల సంఘానికి మిన్యా నుంచి ఒకాయన వచ్చి ప్రసంగం చేశాడు. ప్రతి మనిషి లోపలా దేవుడు మెల్లగా మాట్లాడుతూనే ఉంటాడట, మనం వినడం నేర్చుకోవాలట. వెంటనే తౌఫీకా లేచి, కోడల్ని పుట్టింటికి పంపనా వద్దా అని అడిగితే ప్రభువు వద్దన్నాడని చెప్పింది. ఆవిడకి వినపడేవన్నీ ఆవిడకి నచ్చే మాటలే, అది వేరే సంగతి. కానీ ఇంటికొచ్చాక నాకు దిగులు పట్టుకుంది. యాభై ఏళ్లొచ్చాయి. ఒక్క ఆదివారం పూజ మానలేదు, ఒక్క ఉపవాసం తప్పలేదు. ఇంతవరకూ నాకు ఒక్క మాటా వినపడలేదు.

ఆ మాటే మీ బావతో అంటే, "నువ్వు మధ్యలో ఆపితే గదా, ఆయన మొదలుపెట్టేది" అన్నారు.

నువ్వు పదకొండేళ్లుగా ఆ కొండల్లో కూర్చున్నావు. ఎలా వినాలో రాయి. పెద్ద పెద్ద మాటలు వద్దు. పిండి పిసుకుతూ చేయగలిగేదేదైనా చెప్పు.

మీ అక్క,
బహీజా

* * *

ఎర్రసముద్రం కొండలు, మఠం
అక్టోబరు 8

అక్కా,

నీ ఉత్తరం గోధుమల లారీలో వచ్చింది. చదివి నవ్వుకున్నాను, తర్వాత సిగ్గుపడ్డాను. నాకేదో వినపడుతోందని నువ్వు అనుకుంటున్నావు. ఈ పదకొండేళ్లలో నాకు వినిపించిన వాటిలో ఎక్కువ భాగం నా కడుపులో గోలా, పక్క గది స్వామి దగ్గూ.

నాకు నేర్పించింది నీకు చెబుతాను. పిండి పిసికేటప్పుడు ఊపిరి లోపలికి తీసుకుంటూ "ప్రభువా యేసూ" అను. వదులుతూ "నన్ను కరుణించు" అను. పైకి అనక్కర్లేదు. నర్గిస్ గుర్తొస్తుంది, తౌఫీకా గుర్తొస్తుంది, పొయ్యి మీద పప్పు గుర్తొస్తుంది. నిన్ను నువ్వు తిట్టుకోకుండా మళ్లీ ఆ మాట దగ్గరికి రా. వందసార్లు పోతే వందసార్లు రా. ఏదో స్వరం వస్తుందని మాత్రం కాచుకుని కూర్చోకు. కాచుకుని కూర్చున్నవాడికి తన కోరికే స్వరమై వినపడుతుందని మా పెద్దస్వామి అంటారు. వినడమంటే ఆయన మాట్లాడటం కాదు, మనం కాసేపు మన గొడవ పక్కన పెట్టడం. నాకు తెలిసింది ఇంతే, ఇది కూడా నాకు పూర్తిగా చేతకాదు.

బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు,
సరాబామూన్

* * *

మల్లవీ
అక్టోబరు 30

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. మూడో ఊపిరికి తౌఫీకా వచ్చేసింది. మనసులోకి కాదు, నిజంగానే తలుపు తోసుకుని వచ్చేసింది. రెండో రోజు పిండి మరీ ఎక్కువసేపు పిసికేశాను, రొట్టె చెప్పు అట్టలా వచ్చింది. "కరుణించమని నువ్వు అడగడం కాదు, తినేవాళ్లం అడగాలి" అన్నారు మీ బావ. ఒక ముక్క తిని పక్కన పెట్టేశారు, నాకు తప్పనిపించలేదు, అంత గట్టిగా ఉంది.

అయినా మానలేదు. నిన్న బట్టలారేస్తుంటే ఒక్క క్షణం, తాడు మీద తడి దుప్పటి గాలికి కొట్టుకోవడం తప్ప నా తలలో ఏమీ లేదు. అది దేవుడా, దుప్పటా నాకు తెలియదు. బాగుంది మాత్రం.

ఇంకో వింత చెప్పనా. వచ్చే వారం చర్చి బస్సు మీ మఠానికి వస్తోంది కదా, అందులో మీ బావ వస్తానన్నారు. ఇంజన్ భాగాల కోసం అస్యూత్ వెళ్లాలన్నా విసుక్కునే మనిషి. పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో యాత్రకి రమ్మంటే "నువ్వెళ్లు, నా వంతు కొవ్వొత్తి కూడా నువ్వే వెలిగించు" అనేవారు. నేనూ వస్తానంటే, "పావురాల్ని ఎవరు చూస్తారు, ఈసారికి నేనెళ్తాను" అన్నారు. నువ్వు నేర్పిన ప్రార్థన ఆయనకి అంటుకుందేమో. ఆయన చేత ఎండలో పొంగించిన రొట్టెలు ఒక పెట్టె, వేయించిన శెనగలు, నీకు ఉన్ని మేజోళ్లు పంపుతున్నాను. మేజోళ్లు పక్కస్వామికి దానం చేయకు.

బహీజా

* * *

మఠం
నవంబరు 16

అక్కా,

బావ వచ్చారు, రెండు రోజులున్నారు. రొట్టెలు, శెనగలు, మేజోళ్లు అందాయి. ఇక్కడ నీళ్ల పంపు నెల నుంచి మొరాయిస్తుంటే, చొక్కా చేతులు మడిచి బాగుచేసి వెళ్లారు. స్వాములందరూ ఆయనకి దణ్ణాలు పెట్టారు.

పిండి పిసుకుతూ చెప్పుకోమన్న ప్రార్థన సంగతి రాశాను కదా. దాన్ని కొంతకాలం పక్కన పెట్టు. దాని బదులు ఇంకొకటి చెబుతాను, ఇది చెయ్యి. బావ భోంచేసేటప్పుడు ఆయన ఎదురుగా కూర్చో. వడ్డించి లేచిపోకు. ఊళ్లో సంగతులు చెప్పకు. ఏమీ మాట్లాడకుండా ఆయన్ని చూడు, ఆయన ఎలా తింటున్నారో, ఎలా ఊపిరి తీస్తున్నారో, ఎలా లేచి నిలబడుతున్నారో విను. దేవుణ్ణి వినాలంటే ఇంట్లో మనిషి దగ్గర మొదలుపెట్టాలని నాకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

పండగ అయ్యాక చేద్దాంలే అనుకోకు. ఈ వారమే మొదలుపెట్టు. ఏం గమనించావో వెంటనే నాకు రాయి.

సరాబామూన్

* * *

మల్లవీ
డిసెంబరు 2

తమ్ముడూ,

మొగుడి ముందు నోరుమూసుకుని కూర్చోమని చెప్పడానికి నువ్వు సన్యాసం పుచ్చుకోనక్కర్లేదు. ఆ మాట మన మేనత్త పెళ్లిరోజే చెప్పింది.

సరే, కూర్చున్నాను. మొదటిరోజు మీ బావ ఉడికించిన చిక్కుడు గింజల ఫూల్ గిన్నెలో రొట్టె ముంచి సగంలో ఆపేశారు.

"ఏంటలా చూస్తావ్? మీసాలకి అంటుకుందా?"

"ఏం లేదు. తినండి."

"కోపం వచ్చిందా?"

"లేదండీ."

"అయితే ఒంట్లో బాగాలేదా? నువ్వింతసేపు ఊరుకోవడం నేనెప్పుడూ చూళ్లేదు."

నాలుగు రోజులకి ఆయనకి అలవాటైంది. ఏం గమనించావని అడిగావు. చాలాసేపు నములుతారు. ఒక రొట్టెలో పావువంతు తిని, మిగతాది పావురాలకని జేబులో వేసుకుంటారు. క్రిస్మస్ ఉపవాసాలు కదా, మాంసం పాలు లేక ఎవరికైనా ఆకలి చచ్చిపోతుంది. ఇంకొకటి. షెడ్డు నుంచి పైకి పదమూడు మెట్లు. నేను వంటింట్లో నుంచి వింటున్నాను. ఇదివరకు ఒకే ఊపులో ఎక్కేవారు. ఇప్పుడు మధ్యలో ఆగుతారు. కాసేపు ఏ చప్పుడూ ఉండదు. మళ్లీ ఎక్కుతారు. తలుపు దగ్గరికొచ్చేసరికి ఈల వేస్తుంటారు.

ఆయనకి యాభై ఎనిమిది కదా. వయసు.

నిజం చెప్పనా, ఇలా కూర్చుంటే ఆయన మీద కొత్తగా ఏదో ప్రేమ లాంటిది పుడుతోంది. నవ్వకు. ఇన్నేళ్లలో ఆయన ముఖం వంక ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు. నీకు పుణ్యం ఉంటుంది.

బహీజా

* * *

మఠం
డిసెంబరు 15

అక్కా,

నీ ఉత్తరంలో నువ్వు రాసిన దాని గురించే అడుగుతున్నాను, ఇంకెక్కడి నుంచీ కాదు. మెట్ల మధ్యలో ఆగుతున్నారని రాశావు. ఎందుకు ఆగుతున్నారని ఆయన్ని అడిగావా? రొట్టె ఎందుకు తినడం లేదని అడిగావా? వయసు అని నీకు ఆయన చెప్పారా, నువ్వే అనుకున్నావా?

అడుగు అక్కా. ఒకసారి చెప్పకపోతే మళ్లీ అడుగు.

సరాబామూన్

* * *

మల్లవీ
డిసెంబరు 28

ఫాయెజ్,

అడిగాను. మోకాలన్నారు. మోకాలు నొప్పి ఉన్నవాడు నడుం పట్టుకుంటాడా అని అడిగితే, "నువ్వు డాక్టరెప్పుడయ్యావ్?" అని షెడ్డులోకి దిగిపోయారు. రెండోసారి అడిగితే అరిచారు. ఆయన నా మీద అరవడం ఎప్పుడు చూశావు నువ్వు?

నీ ఉత్తరం పది వాక్యాలు లేదు. అందులో నా ఆరోగ్యం అడగలేదు, నర్గిస్‌ని అడగలేదు. నవంబరు నుంచీ నీ ఉత్తరాలు మారిపోయాయి. ఆయన అక్కడికొచ్చి వెళ్లినప్పటి నుంచి.

ఒక్కటే అడుగుతున్నాను. ఆయనకి ఒంట్లో బాగాలేదా? నీకేమైనా చెప్పారా? అవునో కాదో ఒక్క మాట రాయి. జనవరి ఏడున వచ్చే మన క్రిస్మస్‌కి నువ్వు నాకివ్వగలిగిన కానుక అదే అనుకో.

బహీజా

* * *

మఠం
1987 జనవరి 9

అక్కా,

క్రీస్తు జయంతి శుభాకాంక్షలు. నీకూ, బావకీ, నర్గిస్‌కీ.

ఇక్కడ మూడు రోజులు వాన పడింది. ఈ కొండల్లో వాన అరుదు. పాత చర్చి కప్పు కారింది, పుస్తకాలన్నీ భోజనశాలలోకి మోశాం. ఈ ఏడు ఆలివ్ కాయ బాగా కాసింది. నూనె తేరుకుంది, పదకొండు జాడీలయ్యింది. కొద్దిగా చేదుగా ఉంది గానీ అది మంచిదేనంటున్నారు. తోటలో కొత్తగా నలభై మొక్కలు పెట్టాం. గుంటకీ గుంటకీ ఆరు అడుగులు చాలవని, ఎనిమిది ఉండాలని పెద్దస్వామి అన్నారు, మళ్లీ తవ్వాం. రాయి చాలా గట్టిగా ఉంది. పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. రెండు తెల్లవి.

నా చేతులు బాగానే ఉన్నాయి. నేను బాగానే ఉన్నాను.

నువ్వు అడిగినదానికి జవాబు రాయలేకపోతున్నాను.

సరాబామూన్

* * *

మల్లవీ
ఫిబ్రవరి 3

అబూనా సరాబామూన్ గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆలివ్ మొక్కల మధ్య ఎన్ని అడుగులుండాలో నాకు రాయాల్సిన పని మీకు జన్మలో లేదు. ఏమీ లేకపోతే "ఏమీ లేదక్కా" అని రాసేవారు. ఆ మాట రాయలేదు కాబట్టి నాకు అర్థమైంది. వినమని నువ్వే రాశావు. విన్నాను.

ఉత్తరం పట్టుకుని షెడ్డులోకి దిగాను. ఆయన నూనె చేతులతో ఉన్నారు. మోచెయ్యి పట్టుకున్నాను.

"మీకేం జబ్బు?" అన్నాను.

"వాడు రాశాడా?" అన్నారు.

"ఆలివ్ నూనె గురించి రాశాడు."

ఆయన ఇంజన్ ఆపేశారు. బల్ల మీద కూర్చున్నారు. "కడుపులో గడ్డ ఉంది బహీజా" అన్నారు. "జులైలో మిన్యాలో చూపించుకున్నాను. కోయాలన్నారు. మా అమ్మని కోశారు, గుర్తుందిగా. నలభై రోజులు మంచం మీద అరిచి అరిచి పోయింది. నాకలా వద్దు. నర్గిస్ పెళ్లి ముందు నీకెలా చెప్పను? పెళ్లయ్యాక చెబుదామనుకున్నాను. చెప్తే నువ్వు ఏడుస్తావు, ఊరంతా వస్తుంది. ఒక్క చలికాలం మామూలుగా ఉందామనుకున్నాను."

"ఎవరికీ చెప్పలేదా?"

"అబూనాకి చెప్పాను. పాపసంకీర్తనంలో, పాపాలు ఒప్పుకుంటూ. నా తల మీద శిలువ ఉండగా చెప్పాను. నీకు చెప్పమని వాడు నా చేతులు పట్టుకున్నాడు. నేనే వద్దన్నాను."

మర్నాడే అస్యూత్ తీసుకెళ్లాం, అల్లుడు వచ్చాడు. డాక్టరు కుర్రాడే, మర్యాదస్తుడు. గడ్డ కాలేయంలోకి పాకిందట, ఇక కోసి లాభం లేదన్నాడు. నవంబరులో తెచ్చుంటే అని అడిగాను. "అప్పుడైతే ప్రయత్నించేవాళ్లం అమ్మా. బాగయ్యేదని మాత్రం మాటివ్వలేను" అన్నాడు.

ప్రయత్నించేవాళ్లం.

నీకు నవంబరులో తెలుసు. నేను ఆయన ఎదురుగా కూర్చుని, ముఖం చూసి మురిసిపోతున్నాను, నీకు తెలుసు. పావురాలకని రొట్టె జేబులో వేసుకుంటుంటే నేను ఉపవాసాలనుకుంటున్నాను, నీకు తెలుసు. దేవుడి పేరు చెప్పి నాకు వినడం నేర్పావు. ఒక్క ముక్క, "డాక్టరుకి చూపించు" అని ఒక్క ముక్క రాస్తే ఏ దేవుడు నిన్ను శిక్షించేవాడు? శిక్షిస్తే పడలేకపోయావా నాకోసం? నిన్ను నేను పెంచలేదా?

నాకు జవాబు రాయకు.

బహీజా

* * *

మఠం
ఫిబ్రవరి 20

అక్కా,

రాయవద్దన్నావు, రాస్తున్నాను. చించేసినా సరే.

శిలువ కింద ఒకరు చెప్పిన మాట నాది కాదు. చెప్పినవాళ్లే బయటపెట్టినా, నా నోటితో అవుననో కాదనో అనే హక్కు నాకు లేదు. వాళ్లు ఉన్నా లేకపోయినా లేదు. ఇది నా వెనక దాక్కునే గోడ అని నువ్వనుకుంటావు. ఒక్కోరోజు నాకూ అలాగే అనిపిస్తుంది.

అందుకని నా గురించి మాత్రమే రాస్తాను. ఈ శీతకాలం నాకు అన్నం సహించలేదు. పెద్దస్వామి దగ్గరికెళ్లి, ఎవరి పేరూ చెప్పకుండా, మాట్లాడితే ఒకరికి ద్రోహం, ఊరుకుంటే ఇంకొకరికి ద్రోహం అయినప్పుడు ఏం చేయాలని అడిగాను. ఆయనకి ఎనభై నాలుగేళ్లు. అరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నారు. ఆయన "నాకు తెలియదు నాయనా" అన్నారు. ఏడ్చారు. నేను వెళ్లి నా గదిలో కూర్చున్నాను. లోపల ఏదైనా మాట వస్తుందేమోనని విన్నాను. అన్ని వారాలూ విన్నాను. నువ్వు వింటున్నావని తెలిసి, నాకంటే ముందు నీకైనా వినపడాలని అడిగాను. నాకేమీ రాలేదు అక్కా. ఒక్క మాట కూడా రాలేదు. పదకొండేళ్ల నుంచీ నేను నేర్చుకున్నది ఎందుకూ కొరగాలేదు.

నేను రాసినవీ, రాయనివీ రెండూ తప్పులే అనిపిస్తున్నాయి. దేన్ని దిద్దుకోవాలో కూడా తెలియడం లేదు.

బావని చూడటానికి రావాలని మఠాధిపతి దగ్గరికి వెళ్లి, అడగకుండానే తిరిగొచ్చాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను? అక్క భర్తకి బాగాలేదని అక్క రాసింది, అది చెప్పొచ్చని తర్వాత తట్టింది. మళ్లీ వెళ్లి అడిగాను. నలభై రోజుల ఉపవాసాల్లో ఎవరినీ పంపేది లేదు, ఈస్టరు అయ్యాక చూద్దామన్నారు.

నీ తమ్ముడు

* * *

మఠం
మార్చి 24

అక్కా,

రెండు లారీలు వచ్చి వెళ్లాయి. నీ దగ్గర నుంచి ఏమీ రాలేదు. తిట్టి అయినా ఒక ముక్క రాయి. బావ ఎలా ఉన్నారు?

ఫాయెజ్

* * *

మల్లవీ
మే 18

ఫాయెజ్,

నీ బావ ఏప్రిల్ ఆరున, సోమవారం మధ్యాహ్నం పోయారు. నీకు కబురు ఫాదరు గారే పంపారట, నేను పంపలేదు. నిన్నటికి నలభై రోజులు దాటాయి, పూజ చేయించాం. ఇప్పుడు రాయగలుగుతున్నాను.

చివరి నెలన్నర ఆయన మంచం వంటింటి పక్క గదిలో వేశాం. నేను నువ్వు చెప్పినట్టే కూర్చున్నాను. నీ మీద కోపం ఉంది గానీ, అలవాటైపోయింది. మాట్లాడకుండా ఆయన ఊపిరి వింటూ కూర్చునేదాన్ని. నొప్పి వచ్చే ముందు ఊపిరి ఎలా తెగుతుందో నాకు తెలిసిపోయేది, ఆయన అడగకముందే మందు పట్టుకునేదాన్ని. దానివల్ల నొప్పి తగ్గలేదు. ఆ నొప్పి ఒంటరిగా పడకుండా ఉన్నారు, అంతే.

ఒకరోజు ఆయన కళ్లు తెరిచి అన్నారు.

"బహీజా, మాట్లాడవే."

"మీరు అలిసిపోతారండీ."

"నువ్విలా ఊరికే కూర్చుంటే చచ్చిపోతున్నానని భయమేస్తోంది. మాట్లాడు. తౌఫీకా కోడలు ఏమైంది?"

నాకు ఏం చేయాలో తోచలేదు. నాలుగు నెలలు కష్టపడి నేర్చుకున్నది ఆయనకి అక్కర్లేదు. సరే, మొదలుపెట్టాను. తౌఫీకా కోడలు చివరికి పుట్టింటికి వెళ్లిందనీ, ప్రభువు మనసు మార్చుకున్నాడని తౌఫీకా సంఘంలో చెప్పిందనీ చెప్పాను. నవ్వబోయి దగ్గారు. బియ్యంలో రాళ్లు, చేపల బండివాడి అబద్ధాలు, నర్గిస్ అత్తగారి గురక, అన్నీ చెప్పాను. పది పన్నెండు రోజులు, నా గొంతు పోయేదాకా చెప్పాను. కళ్లు మూసుకుని ఉండేవారు. నిద్రపోయారనుకుని ఆపితే, "తర్వాత?" అనేవారు.

ఆ సోమవారం నేను బజార్లో జామకాయలు బాగోలేవని చెబుతున్నాను. "తర్వాత" అనలేదు. ఇంకాస్త చెప్పాను. తర్వాత చూశాను.

ఇరవై ఎనిమిదేళ్లూ ఈ ఇంట్లో విన్నది ఆయన, ఫాయెజ్. నాకది తట్టలేదు.

నీ ఉత్తరం చించలేదు. పెద్దస్వామి ఏడ్చారన్న దగ్గర ఆగిపోయి, రెండు నెలలు ముందుకి చదవలేదు. నిన్న చదివాను. నీకేమీ వినపడలేదని రాశావు. నాకు కోపం తెప్పించాల్సిన మాట అది. ఎందుకో, నీ ఉత్తరాలన్నిటిలో నేను నమ్మింది అదొక్కటే.

నిన్ను క్షమించానో లేదో నాకు తెలియదు. పొద్దున ఒకలా ఉంటుంది, సాయంత్రానికి ఇంకోలా ఉంటుంది. ఆయన చెప్పొద్దన్నారు, నువ్వు చెప్పలేదు, డాక్టరు మాటివ్వలేనన్నాడు. ఎవరిని పట్టుకుని అడగను? ఎటు తిరిగినా చేతికి ఏమీ తగలడం లేదు.

జూన్ మొదటివారం బస్సు వస్తోంది, నేనూ వస్తున్నాను. పాపాలు చెప్పుకోవడానికి కాదు. నీ చేతిలో శిలువ చూస్తే నేను తట్టుకోలేను, దాన్ని గదిలో పెట్టేసి రా. నువ్వు నాకేమీ చెప్పనక్కర్లేదు. నేను మాట్లాడతాను. మాట్లాడి మాట్లాడి ఎక్కడైనా ఆగిపోతే, తర్వాత ఏమైందని అడుగు. ఇంట్లో ఇప్పుడు అలా అడిగేవాళ్లు లేరు.

అక్క